కోతకు డబ్బుంది, పరీక్షకేదీ?

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో కరువు జిల్లా అనంతపురం ఒకటి. పేదల క్యాన్సర్ వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టడం చిన్న విషయమేమీ కాదు. కానీ ఆ పథకానికి స్త్రీ కనిపించేది ఆపరేషన్ బల్ల ఎక్కాకే. తెల్లబట్ట అవుతోందని వచ్చినామెకు ముందు కావలసింది పరీక్ష. అది లేనిచోట “ఉంచుకుంటే క్యాన్సరొస్తుంది, తీసేయించుకో” అన్న బెదిరింపే వైద్యమైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్ళు దేశంలో 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తయారవడానికి పదేళ్ళకు పైనే పడుతుంది. పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది, శిక్షణ పొందిన నర్సు కంటితో చూసి ముందే పసిగట్టగలదు. 30-65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్రమే చెప్పింది. అదే సర్వేలో, 30-49 ఏళ్ళవాళ్ళలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో 1.9 శాతమే!

ఆడవాళ్ళు సిగ్గుతో రారని అధికారులంటారు. కూలి పోగొట్టుకుని వచ్చినామెకు చాటున్న గది, పరీక్ష చేసే ఆడమనిషి, అదేరోజు ఫలితం ఉన్నాయా? చేసిన ఆపరేషన్లను లెక్కపెట్టే ప్రభుత్వం, తప్పించిన ఆపరేషన్లనూ లెక్కపెట్టాలి.