దొరకని కార్టూన్‌లో అక్క గొంతు

పోయినదాన్ని వెతకడం స్త్రీల సాహిత్యం చదువుకున్నవాళ్లకు కొత్త పని కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ వెతికి పట్టుకుని 1910లో అచ్చు వేయించింది. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' (1902) వెలుగులోకి వచ్చాక, 1910 నాటి 'దిద్దుబాటు'కు కట్టబెట్టిన 'తొలి తెలుగు కథ' బిరుదు గురించి మళ్లీ మాట్లాడుకోవలసి వచ్చింది. మన సాహిత్య చరిత్రలో సగం ఇలాంటి వెతుకులాటే. అందువల్లే కాబోలు, ఈమధ్య దేశదేశాల్లో సాగుతున్న మరో రకం వెతుకులాట నన్ను ఆకర్షించింది. చిన్నప్పుడు చూశామని గట్టిగా గుర్తుండి, ఇప్పుడెక్కడా దొరకని పాత కార్టూన్ల కోసం, వీడియో గేముల కోసం సాగే గాలింపు అది. వాటిలో కొన్ని నిజంగా పోయినవి. కొన్ని అసలెప్పుడూ లేనివి. ఏది పోయింది, ఏది లేనే లేదు అని తేల్చేటప్పుడు ఎవరి జ్ఞాపకం సాక్ష్యమవుతోంది, ఎవరి జ్ఞాపకం భ్రమగా మిగిలిపోతోంది? ఈ వ్యాసంలో నా ప్రశ్న ఇదే.

ముందు, అనుమానమే లేని ఒక ఉదాహరణ చూద్దాం. దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లల్ని కదిలిస్తూ 'అగకాడ్యాంచీ మౌజ్' అనే చిన్న యానిమేషన్ సినిమా తీశాడు. ఆ ఫిల్ము మిగల్లేదు. అయినా అలాంటి సినిమా ఉండేదా అని ఎవరూ అడగరు. ఫాల్కే సినిమాల జాబితాలో దాని పేరుంది, అది చాలు. అదే ఇంట్లో ఫిల్ముకు చిల్లులు వేసి, రసాయనాలు కలిపి, పనివాళ్లందరికీ వండిపెట్టిన ఆయన భార్య సరస్వతీబాయి శ్రమకు ఏ జాబితాలోనూ గడి లేదు. 'ఉంది', 'లేదు' అన్నవి వస్తువును బట్టి తేలిపోయే మాటలని మనం అనుకుంటాం గానీ, జాబితా రాసినవాళ్లు ఏ గడులు గీశారన్నదాన్ని బట్టి కూడా అవి తేలుతుంటాయి.

ఈ ప్రశ్న పట్టుకుని కొంతకాలంగా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఉన్న కాలనీల్లో స్త్రీలతో మాట్లాడుతున్నాను. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి చదువులకో, ఉద్యోగాలకో, పెళ్లి చేసుకునో వచ్చి స్థిరపడినవాళ్లు ఇక్కడ చాలామంది. టీవీ జ్ఞాపకాలు అడగడానికి ఇది తగిన చోటే. మూసారాంబాగ్ దగ్గర బస్సు స్టాపు పేరే 'టీవీ టవర్'. చిన్నప్పుడు చూసిన బొమ్మల సినిమాలేవి అని అడిగితే నలభైలు దాటిన స్త్రీలు చాలామంది మొదట చెప్పింది మోగ్లీ గురించి. ఆ మోగ్లీ తెలుగులో మాట్లాడేవాడని కూడా చెప్పారు. ఆదివారం పొద్దున, దూరదర్శన్‌లో, తెలుగులో!

ఇక్కడే చిక్కు. 'జంగిల్ బుక్' ధారావాహికను జపాన్‌కు చెందిన నిప్పన్ యానిమేషన్ 1989–90లో తీసింది. 1993లో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో ఆదివారం ఉదయాల్లో అది వచ్చింది హిందీలో. గుల్జార్ రాసిన పాటా హిందీదే, షేర్‌ఖాన్‌కు నానా పటేకర్ ఇచ్చిన గొంతూ హిందీదే. ఆనాటి ఆ ప్రసారంలో తెలుగు మోగ్లీ లేడు. పాత టేపులు పోగుచేసే కుర్రాళ్లను అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు: 'వాళ్లకు సరిగ్గా గుర్తు లేదు మేడమ్.'

టేపు సంగతి వరకు వాళ్లు చెప్పింది నిజమే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒకే పొరపాటు ఇంతమందికి ఎందుకు వచ్చింది? కొత్తపేటలో ఉండే ఒకామెను ఇంకొంచెం తరచి అడిగాను. మోగ్లీ ఎలా మాట్లాడేవాడో చెప్పమన్నాను. చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి, 'అది మా అక్క గొంతు' అంది. ఇంట్లో హిందీ వచ్చింది అక్కకే. బడిలో నేర్చుకున్నది కొంత, దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి నేర్చుకున్నది కొంత. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష... ఆడపిల్లను దూరం పంపనక్కర్లేని చదువుగా ఆ పరీక్షలకు మన ఇళ్లలో ఉన్న గౌరవం ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆ చదువుకు ఇంట్లో దొరికిన మొదటి ఉద్యోగం చెల్లికీ తమ్ముళ్లకూ ఆదివారం కార్టూన్‌ను తెలుగులో చెప్పడం.

ఆ తర్వాత ఈ సంగతి అడిగిన చోటల్లా ఎవరో ఒకరు తగిలారు. ఒక ఇంట్లో అక్క, ఇంకో ఇంట్లో మేనత్త, మరో ఇంట్లో కిరాయికుండే టీచరమ్మ. కనపడకుండా పోయిన ఆ తెలుగు డబ్బింగు ఏ స్టూడియోలోనూ జరగలేదు, ఏ టేపు మీదికీ ఎక్కలేదు. ఇంటింటికీ వేరువేరుగా, వారం వారం, అప్పటికప్పుడు జరిగింది.

దీనికి భాషలోనే ఒక ఆనవాలు దొరికింది. కొత్తపేట ఆమె జ్ఞాపకంలో షేర్‌ఖాన్ ఆడపులి. టీవీలో నానా పటేకర్ గొంతు వినిపిస్తున్నా ఆమెకు ఆడపులే. పోగుచేసేవాళ్ల లెక్కలో ఇది ఆమె జ్ఞాపకం చెడిపోయిందనడానికి రెండో రుజువు. నాకు మాత్రం అక్కడ అక్క వ్యాకరణం కనిపించింది. హిందీలో పులి వస్తే క్రియ మగవాడి క్రియ. తెలుగులో పులి 'వచ్చింది', 'అన్నది', 'దూకింది'. మన ఏకవచనంలో జంతువుకూ స్త్రీకీ క్రియ ఒక్కటే. అమహద్వాచకం అని పాఠ్యపుస్తకాల్లో చదివి, స్త్రీని జంతువులతో, రాళ్లతో ఒక గాటన కట్టిన వ్యాకరణమని మనం కోప్పడ్డదే. ఆ వ్యాకరణమే ఇక్కడ తలకిందులుగా పనిచేసింది. అక్క నోట 'పులి వచ్చింది, నేనే రాజునన్నది' అని విన్న ఆరేళ్ల పిల్లకు అడవినంతా గడగడలాడించే ఒక ఆడది దొరికింది. ఏ స్టూడియో డబ్బింగులోనైనా షేర్‌ఖాన్ 'వచ్చాడు' అనే అనేవాడు. కాబట్టి ఆ 'తప్పు' జ్ఞాపకం ఒక ఇంటి అనువాదం జరిగిందనడానికి మిగిలిన ఆధారం.

ఆ అక్క ఇప్పుడు ఎల్.బి.నగర్‌లో ఉంటుంది. ఆమె దగ్గరికీ వెళ్లాను. ఆమె చెప్పింది విన్నాక నా ఉత్సాహం కొంచెం తగ్గింది. ఆదివారం పొద్దుటంటే తలస్నానాల పొద్దు. తమ్ముళ్లకు నీళ్లు తోడటం, చెల్లికి జడ వేయడం, అమ్మకు పప్పు రుబ్బి ఇవ్వడం ఆమె పని. టీవీ ముందు గదిలో. ఆమె వంటింట్లో. మాటలు విని, అక్కడి నుంచే గట్టిగా తెలుగులో చెప్పేది. 'నేను విన్నదే ఎక్కువ, చూసింది తక్కువ' అంది. మోగ్లీ తోడేళ్ల గుహ ఎలా ఉంటుందో ఆమెకు చాలా ఏళ్లు తెలియదు. తన ఊళ్లో గుట్ట కింద ఉన్న బండల్ని మనసులో పెట్టుకుని చెప్పేదట. ఇది ఎంత అందమైన ఊహో అని నేను రాసేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ఊహ ఆమె ఎంచుకున్నది కాదు. చూసే తీరిక చెల్లికీ తమ్ముళ్లకూ ఇచ్చి, చెప్పే పని ఆమెకు ఇచ్చారు. పోయిన కార్టూన్ అంటే మనం పోయిన టేపు అనుకుంటున్నాం. ఆమెకు పోయింది ఆ ఆదివారం పొద్దు.

ఈ అక్కను తెర మీద చూపించిన సినిమా ఒకటుంది. 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా', 1974, ఫిల్మ్స్ డివిజన్. తోటలో పిల్లలు, వేటగాడి వలలో పడిన పక్షులు, అన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోవడం, ఎలుకలు వల కొరకడం. ఒక్కటిగా ఉండటమంటే ఏమిటో తమ్ముడికి అక్క కథగా చెబుతుంది. నేను మాట్లాడిన స్త్రీలలో దీని పాట గుర్తులేనివాళ్లు తక్కువ. తీసింది ఎవరంటే చెప్పగలిగినవాళ్లు లేరు. తీసింది విజయా మూలే (1921–2019). బొమ్మలు భీమ్‌సేన్‌వి. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చేరవేసిన 'సైట్' ప్రయోగంలో పిల్లల కోసం విజ్ఞాన కార్యక్రమాలు చేయించిన విద్యా సాంకేతిక కేంద్రానికి అధిపతి కూడా ఆమే. ఈ సినిమా పోలేదు, ఎవరైనా చూడొచ్చు. చేసినామె పేరే జ్ఞాపకాల్లోంచి పోయింది. సినిమా లోపల మాత్రం చదువు చెప్పే అధికారం ఒక ఆడపిల్లది. అయితే ఆ అక్క తోటలో తీరిగ్గా నడుస్తూ చెబుతుంది, ఆమె చేతుల్లో పని లేదు. ఎల్.బి.నగర్ అక్కను కలిసి వచ్చాక ఆ సినిమా మళ్లీ చూస్తే నా కళ్లు ఆ ఖాళీ చేతుల మీదే నిలిచిపోయాయి.

బయటి దేశాల వెతుకులాటల్లోనూ ఇదే ధోరణి చూశాను. చిన్నప్పుడు అమెరికా టీవీలో చూసి భయపడ్డామంటూ, గడియారపు మనిషి ఒకడు వచ్చే బొమ్మల సినిమా కోసం కొందరు ఏళ్ల తరబడి గాలించారు. 2017లో దొరికింది. 1976 నాటి చెక్ సినిమా, తీసినామె డాగ్మార్ దౌబ్కోవా. సినిమా దొరికిందన్న సంబరమే అంతటా వినిపించింది. ఆమె ఎవరు, ఇంకేం తీసింది అన్న కుతూహలం అందులో పదో వంతైనా లేదు. రెండో ఉదాహరణ మరీ చేదు. 'సాకీ సనోబాషి' అనే 1980ల జపాన్ కార్టూన్ ఒకటి ఉందని 2015లో ఒక అనామకుడు రాశాడు. తలుపుల్లేని స్నానాలగదిలో బందీలైన అమ్మాయిలు, నిరాశ, ఒకరినొకరు హింసించుకుని చావడం. దీనికోసం ఎంతోమంది వెతికారు. చివరికి అది కట్టుకథ అని తేలింది. ఇక్కడ ఎవరి బాల్యమూ లేదు, ఏ అక్క గొంతూ లేదు. అమ్మాయిల హింసను చూడాలన్న కోరిక ఒకటి 'పోయిన కళాఖండం' అనే ముసుగు వేసుకుంది. ఆ అనామకుడి నాలుగు వాక్యాలను నమ్మి ఏళ్లు ఖర్చుపెట్టడానికి సిద్ధపడిన కాలంలోనే, కొత్తపేట ఆమె చెప్పిన ఇరవై వాక్యాలు 'సరిగ్గా గుర్తు లేదు' అయ్యాయి.

వీడియో గేముల దగ్గర ఇంకో రకం లేనితనం ఎదురైంది. 1990లలో మన ఇళ్లకు వచ్చినవి ఎక్కువగా నింటెండో 1983లో తెచ్చిన యంత్రానికి నకళ్లు. వాటి క్యాసెట్ల మీద '9999999 ఇన్ 1' అని అచ్చువేసి ఉండేది. లోపల ఉండేవి కొన్ని ఆటలే, పేర్లు మార్చి, మెట్లు మార్చి మళ్లీ మళ్లీ వచ్చేవి. అంటే లేని ఆటల జాబితా అచ్చయి మరీ వచ్చిందన్నమాట! గంటకింత అని డబ్బు తీసుకుని ఆడనిచ్చే గదులు మగపిల్లలవి. ఆడపిల్లలకు ఇంట్లో, అన్న లేచాక, రెండో రిమోటు. వనస్థలిపురంలో ఒకామె, మారియో ఆటలో రాణిని తానే ఆడించేదాన్నని, ఆమె గౌనుతో గాలిలో తేలేదని చెప్పింది. రాణి కోటలో బందీగా ఉంటుంది, ఆమెను విడిపించడమే ఆట, ఆమె ఆడటమేమిటని వాళ్లన్న ఇప్పటికీ నవ్వుతాడట. 1985 నాటి మొదటి ఆట వరకు ఆయన మాట సరే. 1988లో అమెరికాలో వచ్చిన రెండో మారియోలో రాణిని ఎంచుకుని ఆడొచ్చు, ఆమె గాలిలో కాసేపు తేలుతుంది కూడా. ఆమెకు గుర్తున్నది ఉన్న ఆటే. ముప్పై ఏళ్లు నవ్వులపాలైన జ్ఞాపకాన్ని సరిచూడటానికి నాకు పట్టింది ఒక సాయంత్రం.

స్త్రీల జ్ఞాపకం ఎప్పుడూ నిజమేనని వాదించడం లేదు నేను. తెలుగు మోగ్లీ టేపు లేదు, లేదనే రాయాలి. హైదరాబాదు స్టూడియోల బొమ్మలు ఇంటింటికీ తెలిసింది తర్వాతి కాలంలో. 'కిట్టు'కు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది 2006 సినిమాల్లో, 'ఛోటా భీమ్' వచ్చింది 2008లో. ఆ కాలాన్ని వెనక్కి జరిపి లేని గతాన్ని కట్టుకోవడం చరిత్ర అనిపించుకోదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ల గొంతులోనే మన ముందు పెట్టింది. తేదీలు కలవని చోట కూడా, వాళ్లు అలా ఎందుకు గుర్తుపెట్టుకున్నారని అడగడం ఆ పుస్తకం చదివే నేర్చుకున్నాం. పోరాటం గురించి నేర్చుకున్న పద్ధతి ఆదివారం కార్టూన్‌కు పనికిరాదా? పిల్లల వినోదం చిన్న విషయమని మనమూ అనుకుంటే, ఆ వినోదం అందించడానికి ఇళ్లలో ఎవరు పనిచేశారన్నది కూడా చిన్న విషయమే అయిపోతుంది.

నా నోటు పుస్తకంలో ఇప్పుడు కార్టూన్ పేరు, సంవత్సరం, ఛానెల్ పక్కన మరో మూడు గడులు గీసుకున్నాను. ఎవరు చెప్పగా విన్నారు, ఏ భాషలో విన్నారు, చెప్పినామె అప్పుడు ఏ పని చేస్తోంది. ఎల్.బి.నగర్ అక్క మోగ్లీ కథను ఇప్పుడు గుర్తున్నంత మేరకు తన గొంతులో చెబుతోంది, నేను రికార్డు చేస్తున్నాను. దాని మీద '1993 తెలుగు డబ్బింగు' అని రాయను. ముప్పై ఏళ్ల తర్వాత చెప్పిన కథ అనే రాస్తాను. రికార్డింగుకు ఆమె పెట్టిన షరతు ఒకటే. ముందు మొత్తం ఒకసారి చూస్తానంది, కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా. ఇప్పటికి పదకొండు భాగాలు చూశాం. మధ్యలో ఎవరు పిలిచినా ఆమె లేవడం లేదు.