పక్కపక్కన పెట్టి చూడొద్దు

ట్రేడ్‌మార్క్ గొడవతో వచ్చే క్లయింట్లు తమ కారప్పొడి ప్యాకెట్టూ ఎదుటివాడి ప్యాకెట్టూ తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెడతారు. "చూడండి సార్, అచ్చం దించేశాడు!" అవతలి లాయరు తన జవాబు పత్రంలో అదే పని తిరగేసి చేస్తాడు. మాది మెరూన్, వాళ్లది ఎరుపు. మా మిరపకాయకు తొడిమ ఉంది, వాళ్లదానికి లేదు. ఇలా ఒక పేజీ నిండా తేడాలు.

నేను ఒక ప్యాకెట్టు తీసి సొరుగులో పడేస్తాను. కిరాణా కొట్లో ఎవరూ రెండూ పక్కన పెట్టుకొని కొనరు. కిందటి నెల కొన్నదాని రంగూ పేరూ అరకొరగా గుర్తుంటాయి, ఆ గుర్తుతోనే చెయ్యి చాపుతారు. ఆ మనిషి పొరబడతాడా అన్నదే చట్టం అడిగే ప్రశ్న.

1962లో సుప్రీంకోర్టు తేల్చిన అమృతధార కేసు మాకు పెద్దబాలశిక్ష. అమృతధార అనే పేరుతో మందు 1903 నుంచీ ఉంది, పోటీ మందు లక్ష్మణధార 1923లో వచ్చింది. రెండు పేర్ల అర్థాలు వేరు కదా అంది హైకోర్టు. మందు కొనే మామూలు మనిషి పేరును విడగొట్టి అర్థాలు వెతకడు, మొత్తంగా చెవినపడ్డట్టే వింటాడు అంది సుప్రీంకోర్టు. పోలిక ఉందని తేల్చింది కూడా. అయినా లక్ష్మణధారకు ఉత్తరప్రదేశ్ వరకు రిజిస్ట్రేషన్ దక్కింది! ఒకే పత్రికల్లో ఇద్దరి ప్రకటనలూ పడుతున్నా అమృతధారవాళ్లు ఏళ్ల తరబడి ఊరుకోవడమే కారణం.

మా దగ్గరికొచ్చే కేసులు చాలావరకు నీరుగారేది ఇక్కడే. "నకిలీ చూసి ఎన్నాళ్లయింది?" అంటే, "రెండేళ్లవుతుందండీ, పెద్దమనుషుల్లో పెట్టాం" అంటారు. అక్కడ తెగితే నాకూ సంతోషమే, ఫీజు పోతుందనుకోండి. తెగకపోతేనే చిక్కు. కమర్షియల్ దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అత్యవసరంగా ఇంజంక్షన్ కావాలంటేనే నేరుగా కోర్టుకెక్కొచ్చు. రెండేళ్లుగా లేని తొందర ఇవాళెందుకని అవతలి లాయరు లేస్తాడు.

కాబట్టి నకిలీ కంటపడ్డ రోజే ఒక ప్యాకెట్టు కొని, బిల్లుతో సహా దాచి, లాయరును కలవండి. ఎదుటివాడు తన మార్కును రిజిస్టర్ చేయించుకొని వాడుతున్నాడని తెలిసీ వరుసగా 5 ఏళ్లు ఊరుకున్నారంటే, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 33వ సెక్షన్ మీకు అడ్డం తిరుగుతుంది. దురుద్దేశంతో రిజిస్టర్ చేయించాడని తేలితే తప్ప, ఆపమనే హక్కు మీకిక ఉండదు.