పగడం అలిగితే

నిన్నటిదాకా పాలిప్‌లన్నీ చాచి నీటి వాలుకు ఊగిన లెదర్ కోరల్ అనే మెత్తని పగడం తెల్లారేసరికి ముడుచుకుపోయి, పైన మైనం పూసినట్టు మెరుస్తూ కనిపిస్తుంది. ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టినవాడు ఆ పూటే దుకాణానికి పరిగెత్తి మూడు సీసాల మందు కొనుక్కొస్తాడు. చెయ్యి తిరిగినవాడు మాత్రం కుర్చీ లాక్కుని ట్యాంకు ముందు కూర్చుంటాడు. మెత్తని పగడాలను పెంచే విద్య ఎంత గొప్పదో తెలియాలంటే ఈ రెండోవాడు అక్కడ కూర్చుని ఏం చూస్తాడో తెలుసుకోవాలి.

ముందుగా ఆ మైనం సంగతే చూద్దాం. సార్కోఫైటాన్ జాతి లెదర్‌లు ఒంటి మీద పేరుకున్న నాచునూ మురికినీ అప్పుడప్పుడూ ఒక పలుచని పొరగా విడుస్తాయి. అది రోగం కాదు. నాలుగు రోజుల్లో అయిపోవచ్చు, రెండు మూడు వారాలూ పట్టవచ్చు. ఈలోగా అలకపాన్పు ఎక్కిన అల్లుణ్ణి బతిమాలినట్టు రోజుకో మూలకు జరిపి, రోజుకో మందు పోస్తుంటే అలక ముదురుతుందే తప్ప తీరదు. నీటిని తోసే పవర్‌హెడ్ పంపును కాస్త పక్కకు తిప్పి, ప్రవాహం నేరుగా తగలకుండా దాని మీదుగా సుడి తిరిగేలా చూస్తే చాలు. పొర ఊడి కొట్టుకుపోయిన మర్నాడు అది మునుపటికంటే వెడల్పుగా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడం చూసినవాళ్లెవరూ ఈ పిచ్చిలోంచి అంత సులువుగా బయటపడలేదు.

ఈ విద్య చరిత్ర పెద్దదే గానీ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. న్యూ కాలెడోనియాలోని నూమియాలో రెనే కతాలా 1950ల్లోనే సముద్రపు నీటిని నేరుగా ట్యాంకుల్లోకి పారించి పగడాలను బతికించాడు. లోతుల్లో పెరిగే పగడాలు అతినీలలోహిత కాంతిలో వెలుగులు చిమ్మడాన్ని లోకానికి చూపించింది ఆయనే. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఇంగ్ 1961లో రాసిన వ్యాసం ఇంకో అడుగు ముందుకు వేసింది. జీవమున్న రాళ్లు, ఎండ, సన్నని గాలి బుడగలు ఉంటే చాలన్నాడాయన. చాలాకాలం ఎవరూ నమ్మలేదంటారు. ఆ తర్వాత బెర్లిన్ ఔత్సాహికులు ఆ జీవమున్న రాళ్లకు (లైవ్ రాక్), మలినాన్ని నురగగా లాగేసే ప్రోటీన్ స్కిమ్మర్‌ను జతచేశారు. పీటర్ విల్కెన్స్ సున్నపుతేట పోసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. డీట్రిష్ ష్టూబర్ ట్యాంకులో పెరిగిన అక్రోపోరా అనే రాతి పగడం ఒకటి ముక్కలు ముక్కలుగా చేతులు మారి యూరప్ అంతటా ఆయన పేరుతోనే చెలామణి అయింది. జూలియన్ స్ప్రంగ్, చార్లెస్ డెల్బీక్ 1997లో తెచ్చిన 'ది రీఫ్ అక్వేరియం' రెండో సంపుటం మెత్తని పగడాలకూ వాటి చుట్టాలకూ పెద్ద పీట వేసింది. అలాంటి పుస్తకం మళ్లీ రాలేదని వాటి అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు, ఆ వాదన న్యాయమైనదే.

అయినా ఈ లోకంలో మెత్తని పగడాలకు దక్కవలసిన గౌరవం దక్కలేదు. రాతి పగడాలు పెంచేవాళ్లు వీటిని "మొదటి తరగతి పాఠం" అని చప్పరించేస్తారు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా ముక్కకు వేలకు వేలు పోసి, సినులేరియా లాంటి మెత్తని పగడాన్ని కలుపుమొక్కలా పీకేసే పెద్దమనుషులున్నారు. అక్రోపోరా ఎంత అందమైనదైనా కదలదు. ప్రవాహంలో ఊగే సినులేరియా పక్కన పెట్టి చూస్తే ఏది ప్రాణంతో ఉందో పసిపిల్లలు కూడా చెబుతారు.

అలక కారణం వెతకడంలో ఆరితేరినవాళ్లు మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: అలిగింది ఒక్కటేనా, అన్నీనా? అన్నీ ఒకేసారి ముడుచుకుంటే తప్పు నీటిలో ఉంది. ఒక్కటే ముడుచుకుంటే దాని చోటులోనో పొరుగులోనో ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో సగం సీసాలు కొనే పని తప్పుతుంది.

నీటిలో ఉందనుకుంటే ముందు చూడాల్సింది ఉప్పు. కిలో నీటికి 35 గ్రాముల లవణం, అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర. ప్లాస్టిక్ ముల్లు ఊగే చవక హైడ్రోమీటర్‌కు ఒక గాలి బుడగ అంటుకుంటే చాలు, లెక్క తప్పుతుంది. రిఫ్రాక్టోమీటర్ కొన్నా, దాన్ని 35 లవణీయత గల ద్రావణంతో సరిచూసుకోకపోతే అదీ అంతే. మే నెలలో హైదరాబాద్‌లో ఈ బాధ మరీ ఎక్కువ. చిల్లర్ కొనలేక ట్యాంకు మీద ఫ్యాన్లు పెడతారు. నీరు చల్లబడుతుంది, నిజమే, కానీ ఆవిరై తగ్గిపోతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు అవదు. తరుగుకు ఉప్పునీళ్లు పోసేవాళ్లు నెల తిరిగేలోపు ట్యాంకును ఊరగాయ జాడీ చేస్తారు. పోయాల్సింది ఉప్పు లేని ఆర్.ఓ. నీళ్లే, అదీ రోజూ కొంచెం కొంచెంగా. ఇక దోమల మందు కొట్టిన గది, తుప్పు పట్టిన పంపు అయస్కాంతం, ఎప్పుడో చేప జబ్బుకు వాడిన రాగి మందు మిగిలిన ట్యాంకు కూడా విచారించాల్సినవే. వెన్నెముక లేని జీవాలకు రాగి విషం.

తప్పు పొరుగులో ఉంటే కథ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. మెత్తని పగడాలకు రాతి అస్థిపంజరం లేదు, కాబట్టి రసాయనాలతో పోరాడతాయి. ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో జాన్ కోల్, ఆయన సహచరులు 1980ల్లో ఈ గుట్టు విప్పారు. ఇవి టెర్పీన్ జాతి పదార్థాలను నీటిలోకి వదిలి, తాకకుండానే పక్కనున్న రాతి పగడాన్ని కుంగదీస్తాయి. ఇంటి ట్యాంకులో సముద్రమంత నీరు ఉండదు గనుక ఆ విషం అక్కడే తిరుగుతుంది. దీనికి యాక్టివేటెడ్ కార్బన్ వాడతారు. ఇక్కడా ఒక మెలకువ ఉంది. కార్బన్ నీటిలోని పసుపు ఛాయను కూడా లాగేస్తుంది. చాలాకాలం కార్బన్ లేని ట్యాంకులో ఒక్కసారిగా దోసెడు వేస్తే నీరు తేటపడి, రాత్రికి రాత్రి వెలుగు పెరిగి, బాగున్నవి కూడా ముడుచుకుంటాయి. కొంచెం వేసి, వారానికోసారి మార్చడమే మంచి పద్ధతి.

మెత్తని పగడాల చుట్టమైన జోవాంథస్‌ను చదవడం వేరే విద్య. కాడలు సాగదీసి పైకి లేస్తుంటే వెలుగు చాలడం లేదు. పాలిపోయి రాతికి అంటుకుపోతే వెలుగు ఎక్కువైంది. రెండూ కాకుండా పగటిపూట మూసుకుని ఉంటే, దీపాలు ఆర్పిన తర్వాత టార్చిలైటుతో వెతకాలి. తాము తినే పగడం రంగులోనే ఉండే న్యూడిబ్రాంక్ అనే గుల్లలేని నత్తలు, చక్రాల్లాంటి గుల్లలతో ఉండే సన్‌డయల్ నత్తలు అప్పుడు దొరుకుతాయి. కొన్నిసార్లు దొంగ ఇంట్లోవాడే: లెదర్‌నే ఎనిమోన్ అనుకుని పగలూ రాత్రీ దాన్ని రుద్దే క్లౌన్‌ఫిష్.

వీటిని ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు ఉండాలి. జోవాంథస్‌కు దగ్గరి చుట్టమైన పాలిథోవాలో పాలిటాక్సిన్ ఉంటుంది. హవాయిలో దొరికిన జాతి నుంచి మూర్, ష్యూయర్ 1971లో వేరుచేసిన ఈ పదార్థం ప్రకృతిలోని అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. పాలిథోవాలు అంటుకున్న రాళ్లను వేడినీళ్లతో కడిగి, ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి.

ఇక జీనియా అనే మెత్తని పగడం. ప్రతి పాలిప్ పిడికిలి మూసి తెరిచినట్టు ఆడుతూనే ఉంటుంది. ఎందుకో చాలాకాలం అంతుచిక్కలేదు. 2013లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఎర్రసముద్రపు హెటెరోజీనియాను పరిశీలించి, ఆ కదలిక ఒంటి చుట్టూ పేరుకునే ఆక్సిజన్‌ను తరిమేసి కిరణజన్య సంయోగక్రియను పెంచుతుందని తేల్చారు. అదే జీనియా ఉన్నట్టుండి ఆట ఆపి రెండు రోజుల్లో కరిగిపోతుంది. అయోడిన్ తక్కువైందని ఒకరు, పీహెచ్ పడిపోయిందని మరొకరు అంటారు. అనుభవజ్ఞులు మాత్రం మొదట నైట్రేట్ కొలుస్తారు. ఇప్పటి ట్యాంకుల్లో శుభ్రత పిచ్చి ముదిరింది. భారీ స్కిమ్మర్లు, ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలు పెట్టి నీటిని సున్నాకు తెస్తున్నారు. మెత్తని పగడాలు ఆ నీటిలో ఆకలితో ముడుచుకుంటాయి. నైట్రేట్ 5 నుంచి 10 పి.పి.ఎం. ఉంటే వాటికి పండుగే.

నిజంగా కుళ్లు పట్టినప్పుడు చూడాలి పనితనం! గోధుమరంగు జిగురు, కుళ్లు కంపు కనిపిస్తే నిపుణుడు ఆలోచించడు. లెదర్‌ను బయటికి తీసి, మంచి కండ కనిపించేదాకా పదునైన బ్లేడుతో కోస్తాడు. వేరే గిన్నెలోని ఉప్పునీటిలో జిగురు కడిగి, చిన్న రాయికి సన్నని వలగుడ్డతో వదులుగా కడతాడు. ఒంటి జిగురు వల్ల అంటించే గమ్ము దీనికి నిలవదు. లెదర్ పైభాగపు గొడుగు మొత్తం కోసేసినా మిగిలిన మోడు మీద కొత్త గొడుగు పుడుతుంది. చావబోయే ఒక పగడాన్ని నాలుగు పగడాలుగా మార్చే ఈ పనికి అమెరికాలో ఆంటనీ కాల్ఫో ఏకంగా పుస్తకమే రాశాడు.

ఇంత విద్య ఉండగా బజారులో జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ఫిజీలో సహజంగా పసుపురంగులో ఉండే లెదర్ ఒకటి ఉంది, ఖరీదైనది. దానికి నకలుగా మామూలు లెదర్‌లకు రంగు పట్టించి అమ్ముతారు. పగడం ఒంట్లో ఉండి దానికి తిండి పెట్టే నాచుకణాలకు ఆ రంగు వెలుగును అడ్డుతుంది, కొన్నాళ్లకు అది ఆకలితో చస్తుంది. కొన్నవాడు తన నీటినే తప్పుపట్టుకుంటాడు. డెండ్రోనెఫ్తియాది ఇంకా ఘోరం. ఎరుపు, నారింజ రంగుల్లో కళ్లు చెదరగొట్టే ఆ పగడంలో నాచుకణాలే ఉండవు. అది నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మమైన వృక్షప్లవకాన్ని ఎడతెగకుండా తిని బతుకుతుందని 1995లోనే పరిశోధకులు చూపారు. అంత మేత ఇంటి ట్యాంకులో ఎవరు పెట్టగలరు? అయినా "కొత్తవాళ్లకూ పర్లేదు" అంటూ అంటగడతారు. దాని అలకకు విరుగుడు లేదు, కొనకుండా ఉండటం తప్ప.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. మన్నార్ సింధుశాఖ నుంచి కొల్లగొట్టిన సరుకును ట్యాంకులో పెట్టి, అది అలిగిందని వాపోవడంలో అర్థం లేదు. ఎక్కడ పెరిగిందో అమ్మేవాడు చెప్పలేని పగడాన్ని అక్కడే వదిలెయ్యాలి. హైదరాబాద్, విశాఖ, చెన్నై ఔత్సాహికులు కోసుకున్న ముక్కలను తమలో తాము పంచుకుంటే దుకాణం మెట్టెక్కే పనే ఉండదు. ఇవ్వదగినదేమిటంటే, ఏడాదిపాటు తమ ట్యాంకులో నిలకడగా పెరిగిన తల్లి నుంచి కోసి, రాయికి గట్టిగా పట్టుకున్న ముక్క. దాంతోపాటు అది పెరిగిన నీటి ఉప్పు, వెలుగు, ప్రవాహం వివరాలు ఒక చీటీ మీద రాసివ్వాలి.