మామూలు మంగళవారం బండి

పోయిన వేసవిలో మా నీళ్ల ప్లాంటు బండికి కమాన్ పట్టీ విరిగింది. తెనాలిలో కాలవ గట్టు మీద, మిట్టమధ్యాహ్నం, అరవై క్యాన్లతో ఉండగా. ఎడమ పక్కకి ఒరిగి నిలబడిన బండి చుట్టూ మెకానిక్ బాబాయ్ ఒకసారి తిరిగొచ్చాడు. పట్టీ సంగతి ఎత్తకుండా, "బాబూ, దీన్నెప్పుడైనా కాటా ఎక్కించావా?" అన్నాడు.

ఎక్కించలేదు. లీటరు నీళ్లు కిలో తూగుతాయని బడిపిల్లలకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ పదకొండేళ్లుగా ఈ వ్యాపారంలో ఉండి క్యాన్లు లెక్కపెట్టానే గానీ కిలోలు లెక్కపెట్టలేదు.

బాబాయ్ మాట మనసులో గుచ్చుకుంది. పట్టీ మార్పించాక అంతే సరుకుతో రైసుమిల్లు కాటా మీద పెట్టించాను. బండి ఖాళీ బరువు తీసేస్తే అరవై క్యాన్లు, డ్రైవరు, కుర్రాడు కలిసి 1,370 కిలోలు. ఆ బండి మోయాల్సింది 750. పదకొండేళ్లు అది నన్ను భరించిందంటే దాని మంచితనమే.

ఆర్‌సీలో రెండు బరువులుంటాయి. ఖాళీ బరువొకటి, నిండు బరువొకటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మన వాటా. డ్రైవరు, పక్కన కూర్చునే కుర్రాడు కూడా అందులోకే వస్తారు. తర్వాత మనం మోజుపడి కట్టించే ఇనప కమ్మీలూ అందులోకే. ఇరవై లీటర్ల క్యాను ప్లాస్టిక్‌తో కలిపి ఇరవై కిలోల ఏడువందల గ్రాముల దాకా తూగుతుంది. 750లోంచి ఇద్దరు మనుషుల్ని తీసేస్తే నాకు మిగిలేది ముప్పై క్యాన్లు, అంతే. తమాషా ఏమిటంటే ఆ బండి బాడీలో ఒక్క వరసలోనే నలభై పడతాయి. అంటే పైన రెండో వరస సంగతి అటుంచి, కింది వరస నిండినా తప్పే. చోటు రమ్మంటుంది, బరువు వద్దంటుంది. పరుపుల వ్యాపారికి ఇది తలకిందులు. అతనికి బండి నిండిపోతుంది గానీ పట్టీలు వంగనే వంగవు. అందుకే బండి కొనబోయేవాడు షోరూముకి వెళ్లేముందు కాటాకి వెళ్లాలి.

కొత్త బండి కొందామనేసరికి మా బావమరిది ముందుకొచ్చాడు. "బావా, ఎటూ అప్పు చేస్తున్నాం. ఆ చేసేదేదో పెద్దదానికే చేద్దాం."

ఆ మాటలో బలముంది. 2005లో టాటా ఏస్ వచ్చేదాకా మాలాంటి వాళ్లకి మూడు చక్రాల ట్రాలీ ఆటోకీ, లారీకీ మధ్య దొరికేది తక్కువ. హైదరాబాద్ వైపు దాన్ని చోటా హాతీ అని ముద్దుగా పిలుచుకున్నారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది, టన్నుంపావు తరగతి. 2016లో మారుతీ సూపర్ క్యారీ వచ్చింది. బొలెరో పికప్ సరేసరి. ఇన్ని ఎదురుగా కనిపిస్తే చెయ్యి పెద్దదాని మీదికే పోతుంది. కానీ ఏనుగును కొన్నంత తేలిక కాదు మేపడం.

బిల్లుల పుస్తకం తీసి ఇద్దరం ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. పెళ్లిళ్లకీ, ఫంక్షన్లకీ పెద్ద ఆర్డర్లు పడిన రోజులు ఏడాదిలో 27. మిగతావన్నీ మామూలు మంగళవారాలే. మామూలు రోజున పోయేవి నూట పది క్యాన్లు. దూరపు వీధి మూడు కిలోమీటర్లు. ఒక ట్రిప్పులో బండి నడిచేది ఇరవై నిమిషాలు, గుమ్మాల దగ్గర నిలబడేది గంట పైన. పెద్ద బండి ఆ గంటని తగ్గించదు. మెట్లెక్కేది బండి కాదు కదా. పెద్దదానికి వాయిదా నెలకి నాలుగు వేలు ఎక్కువ, ఏడాదికి 48,000. ఆ 27 రోజులూ పెద్ద బండి అద్దెకి పెట్టుకుంటే, రోజుకి 1,500 చొప్పున 40,500. పైగా అద్దె బండి టైరు అరిగితే నాకు నిద్ర చెడదు. మా బావమరిది లెక్కని రెండుసార్లు సరిచూసి, "అయినా పెద్ద బండి గుమ్మం ముందుంటే ఆ కళే వేరు బావా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సీఎన్‌జీ తీసుకుంటే కలిసొస్తుందన్నారు. ఇంధనంలో కలిసొస్తుంది, నిజమే. కానీ సిలిండరుకీ బరువుంటుంది. సూపర్ క్యారీ పెట్రోలు రకం 740 కిలోలు మోస్తే, సీఎన్‌జీ రకం 625 మోస్తుంది. తేడా నాకు ఐదున్నర క్యాన్లు. అప్పడాలమ్మేవాడైతే కళ్లు మూసుకుని సీఎన్‌జీ తీసుకోవచ్చు.

కాగితాల సంగతి అనుకున్నంత చిక్కు కాదు. నిండు బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. 7,500 కిలోల లోపు బండికి కారు లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఖాయం చేసింది. పసుపు ప్లేటు తప్పదు. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. చట్టం ప్రకారం అధిక లోడుకి జరిమానా 20,000తో మొదలవుతుంది. నా అరవై క్యాన్ల మీద ఏనాడూ అంత లాభం చూడలేదు.

ఇన్ని లెక్కల్లోనూ నేను మర్చిపోయినదొకటి మా కుర్రాడు గుర్తుచేశాడు. చూడబోయిన ప్రతి బండి దగ్గరా వాడు ఇంజను వైపు పోలేదు. వెనక్కి వెళ్లి, బాడీ అంచు పక్కన నిలబడి నడుము ఆనించి చూసుకున్నాడు. రోజుకి నూట పది క్యాన్లంటే రెండు టన్నులకి పైగా వాడి చేతుల మీదుగా దిగుతుంది. అంచు నడుము దగ్గరుంటే క్యాను జారుతుంది, రొమ్ము దగ్గరుంటే ఎత్తి దించాలి. ఆ జానెడు తేడా ఏ కరపత్రంలోనూ పెద్దక్షరాల్లో ఉండదు. వాడు తలూపిన బండినే తీసుకున్నాం. ముప్పావు టన్నుదే. ముప్పై అడుగుల రోడ్డులో ఒక్క తిప్పుకి తిరుగుతుంది.

కేబిన్ వైపు నుంచి ఐదేసి చొప్పున ఆరు వరసలు పేర్చి, అక్కడ నేల మీద ఎర్రరంగు గీత గీయించాను. గీత దాటి వెనక రెండు వరసల ఖాళీ. పొద్దున్నే లోడయ్యాక ఆ ఖాళీని చూస్తే, ఇంకో పది క్యాన్లు పడతాయే అనిపిస్తుంది. నెలకి రెండుసార్లైనా క్యాను చేత్తో పట్టుకుని ఆ గీత దాకా వెళ్లి, మళ్లీ కింద పెట్టి వస్తుంటాను.