పిలిస్తే వచ్చేదాకా

ఏప్రిల్ మొదటి వారం. మాదాపూర్‌లో ఒక ఆఫీసు సెల్లార్‌లో, గోడకు మూరెడు దూరంలో ముక్కు పెట్టి ఆగిన మా మేనల్లుడి కారు ఇక వెనక్కి రానంది. గేర్‌బాక్స్‌లో లోపం అంటూ డాష్‌బోర్డు మీద అక్షరాలు. రివర్స్ పడదు. ముందుకు వెళ్లే గేర్లలోనూ రెండు, నాలుగు, ఆరు మాత్రమే పలుకుతున్నాయి. ఇంజను ఆపేసి, పైకెళ్లి టీ తాగి, అరగంటకి వచ్చి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు రివర్స్ పడింది. "చూశావా మామయ్యా, ఇదీ దీని వరస. నెల రోజుల్లో ఆరోసారి" అన్నాడు వాడు.

అది జర్మనీలో తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. వాడు సెకండ్ హ్యాండ్‌లో, ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో కొనుక్కున్నాడు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లినప్పుడల్లా బండి బుద్ధిగా నడిచింది. చివరికి వాళ్లు కంప్యూటర్‌లో మిగిలిన ఫాల్ట్ కోడ్‌లు చూసి, గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చుతో కొత్త చిన్న కారు ఒకటి వస్తుంది.

బండి పూర్తిగా ఆగిపోతే కనీసం జబ్బు కళ్లముందు ఉంటుంది. వచ్చిపోయే జబ్బు అలా కాదు. వైద్యుడు వచ్చేసరికి రోగి లేచి కూర్చుని కబుర్లు చెబుతుంటాడు. ఏ భాగం మార్చినా రెండు రోజులు బాగానే ఉంటుంది, నయం చేశామనిపిస్తుంది. అలాంటి జబ్బును ఒక మనిషి ఎలా పట్టుకున్నాడో రెండు నెలల పాటు దగ్గరుండి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆయన షెడ్డు బాలానగర్‌లో ఉంది. పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ గేర్‌బాక్సుల దగ్గర. అందుకే ఇప్పటికీ అందరూ మేస్త్రి గారనే పిలుస్తారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని శబ్దం వినే చదువు అక్కడిది. ఆసిలోస్కోప్, ల్యాప్‌టాప్ తర్వాత వచ్చి చేరాయి. రెండింటినీ ఒకే శ్రద్ధతో వాడతారు.

మొదటి రోజు బండిని ముట్టుకోలేదు. కుర్చీ వేసి మావాణ్ని కూర్చోబెట్టి, "ఎప్పుడొస్తుందో తర్వాత చెబుదురు గానీ, ఎప్పుడు రాదో చెప్పండి" అన్నారు. మావాడు కాసేపు ఆలోచించి, పొద్దున్నే రాదన్నాడు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎంత తొక్కినా రాదన్నాడు. వానలో ఎప్పుడూ రాలేదన్నాడు. "స్పీడ్ బ్రేకర్ దాటాక వస్తున్నట్టుంది" అని తన అనుమానం కూడా చెప్పాడు. మేస్త్రి గారు దాన్ని కొట్టిపారెయ్యలేదు, రాసుకున్నారు. ఒక నోటుపుస్తకం ఇచ్చి, లోపం వచ్చిన ప్రతిసారీ టైము, బండి తీసి ఎంతసేపయింది, ఏసీ ఉందా, ఎండా వానా అన్నీ రాయమన్నారు.

ఇక్కడ ఆ గేర్‌బాక్స్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. దీన్ని డ్యుయల్ క్లచ్ అంటారు. మామూలు గేర్‌బాక్స్‌కు ఒక క్లచ్ ఉంటే దీనికి రెండు. ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, ఇంకొకటి 2, 4, 6 గేర్లకు. మూడో గేర్లో బండి పరుగెడుతుండగానే నాలుగోది అవతల సిద్ధంగా పడి ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే ఇంకొకటి పట్టుకుంటుంది, అంతే. ఇంజను బలం చక్రాలకు తెగకుండా అందుతుంది. 1939లోనే అడాల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఊహించినా, 1980ల్లో పోర్షె 956, 962 రేసు కార్లలో గానీ అది సత్తా చూపించలేదు. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మామూలు రోడ్డు మీదకి వచ్చింది.

మావాడి బండిలో రివర్స్ కూడా బేసి గేర్ల వైపే ఉంది. అందుకే లోపం వచ్చినప్పుడు రివర్స్, బేసి గేర్లు కలిసి పోయి, సరి గేర్లు మిగిలాయి. గేర్లను తోసేవి నాలుగు ఉక్కు కడ్డీలు. ఆయిల్ ప్రెజర్ వాటిని అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్లు జరుపుతుంది. ఒక్కో కడ్డీకి ఒక అయస్కాంతం, దానికి ఎదురుగా హాల్ సెన్సార్ ఉంటాయి. అయస్కాంతం ఎక్కడుందో చూసి కడ్డీ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పడం సెన్సార్ పని. ఆ కబురు ఒక్క క్షణం అందకపోయినా కంప్యూటర్ ఆ వైపు గేర్లన్నీ మూసేస్తుంది. తెలియకుండా ఒకే వైపు రెండు గేర్లు ఒకేసారి పడితే పళ్లు విరిగిపోతాయి కాబట్టి అది చేసేది సరైన పనే.

మూడో రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ తగిలించుకుని ఆయన మావాడితో హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో తిరిగారు. గంటన్నర తర్వాత లోపం వచ్చింది. షెడ్డుకు వచ్చాక ఆ గ్రాఫ్ నాకు చూపించారు. మామూలుగా గేరు మారినప్పుడు కడ్డీ గీత కొండవాలులా ఏటవాలుగా దిగుతోంది. లోపం వచ్చిన చోట మాత్రం నూతి గోడలా నిట్టనిలువుగా పడిపోయింది. "ఉక్కు కడ్డీ అంత తొందరగా కదలదండి. కడ్డీ ఉన్నచోటే ఉంది, దాని సంగతి చెప్పే నోరే పడిపోయింది" అన్నారు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్న తీర్పు అక్కడే వీగిపోయింది. పళ్లు, షాఫ్టులు, క్లచ్‌లు నిర్దోషులు. మిగిలినవి వైరు, కనెక్టర్, సెన్సార్.

ఆయన బయటి నుంచి మొదలుపెట్టారు. బ్యాటరీ, ఎర్త్ వైరు బాగానే ఉన్నాయి. గేర్‌బాక్స్ గోడకు ఉండే గుండ్రటి కనెక్టర్ విప్పి, దాని ఒక్కో రంధ్రంలో అదే సైజు పిన్ను గుచ్చి మెల్లగా లాగి చూశారు. పిన్ను వదలడానికి కాస్త బెట్టు చెయ్యాలి. ఒక రంధ్రంలోంచి వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. ఇదివరకు ఎవరో లావాటి మీటరు మొన దూర్చి దాన్ని వదులు చేశారు. సరిగ్గా అనుమానం ఉన్న సెన్సార్ వైరే అది. ఆ టెర్మినల్ మార్చారు. పదకొండు రోజులు లోపం జాడ లేదు.

మావాడు డబ్బు పట్టుకుని వెళ్లాడు. ఆయన తీసుకోలేదు. "పోయిందని నేననను. రాలేదంటాను" అన్నారు. నోటుపుస్తకం తెరిచి చూపించారు. ఆ పదకొండు రోజుల్లో ఎనిమిది రోజుల ఎదురుగా మావాడి చేతిరాతలోనే "వాన" అని ఉంది. అకాల వర్షాలకు ఊరు చల్లబడింది. లోపం వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ రాసిపెట్టుకున్న ఆయిల్ వేడి 85 డిగ్రీల పైమాటే. ఈ పదకొండు రోజుల్లో అది ఒక్కసారి కూడా 80 దాటలేదు. వదులు పిన్ను దొరకడం నిజమే, దాన్ని బాగుచెయ్యడమూ నిజమే. కానీ అదే దొంగ అనడానికి సాక్ష్యం లేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్పగా తోచిన పని ఇదే. చేతికొచ్చిన గెలుపును ఆయన అనుమానించారు.

పన్నెండో రోజు ఎండ కాసింది. పదమూడో రోజు లోపం వచ్చింది.

ఈసారి బండిని లిఫ్ట్ మీదకెత్తి, కనెక్టర్ వెనక నుంచి సన్నటి సూదులు దూర్చి, ఆసిలోస్కోప్ తగిలించి, బండిని అక్కడే గేర్లో తిప్పుతూ ఆయిల్ వేడెక్కేదాకా కూర్చున్నారు. సిగ్నల్ గీత ఠక్కున పడిపోయింది. అదే క్షణంలో సెన్సార్‌కు వెళ్లే 5 వోల్టుల కరెంటు గీత మాత్రం చెక్కుచెదరలేదు, ఎర్త్ కూడా అంతే. అంటే అన్నం వెళ్తోంది, మాట బయటికి రావడం లేదు. తప్పు గేర్‌బాక్స్ గోడకు లోపలి వైపున ఉంది. అది తేలాకే పెట్టె విప్పడానికి ఒప్పుకున్నారు.

విప్పే ముందురోజు సాయంత్రం షెడ్డు నేలంతా కళ్లాపిలా నీళ్లు చల్లించారు. దుమ్ము అణగాలి. ఫ్యాన్లు ఆపించారు. చేతులు తుడుచుకునే బనియన్ గుడ్డలు ఆ రోజు బల్ల దగ్గరికి రాకూడదు. ఒక్క నూలుపోగు ఆయిల్ దారిలో పడినా వాల్వు ఇరుక్కుంటుంది. అట్టముక్క మీద కింది ప్యాన్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఏ చోటిదో ఆ చోటే రంధ్రం చేసి గుచ్చుకుంటూ వచ్చారు. ప్యాన్‌లో ఉండే అయస్కాంతానికి అంటిన నల్లటి ముద్దను వేలితో తీసి, బొటనవేలితో రాస్తూ చాలాసేపు నిలబడ్డారు. కాటుకలా మెత్తగా ఉంది. "ఇది అరుగుదల. పలుకులు తగిలితే భయపడాలి" అంటూ నా వేలికి కాస్త రాశారు. ఆ రాపిడిలో నాకు ఏమీ తగల్లేదు. ఆటోనగర్‌లో వందల లారీల ముద్దలు రాసిన వేలికి ఏమీ తగలకపోవడం మాత్రం నిజంగా ఒక సమాచారం.

సెన్సార్ బయటికొచ్చింది. దాన్ని పక్కన పడేసి కొత్తది బిగించెయ్యొచ్చు. ఆయన అలా చెయ్యలేదు. ఇంట్లోంచి ఇండక్షన్ స్టవ్వు, ఒక మూకుడు తెప్పించారు. మూకుట్లో గేర్ ఆయిల్ పోసి, సెన్సార్‌ను తీగతో వేలాడదీసి ముంచి, పక్కన థర్మామీటర్ పెట్టి, 5 వోల్టులిచ్చి, ఎదురుగా అయస్కాంతం ఆనించారు. ఆసిలోస్కోప్ తెర మీద గీత నిలకడగా ఉంది. 60. 70. 80. షెడ్డులో కుర్రాళ్లందరూ పని ఆపి చుట్టూ చేరారు. 86 దగ్గర గీత మాయమైంది. స్టవ్వు ఆపారు. 79కి దిగేసరికి మళ్లీ ప్రత్యక్షమైంది. ఇంకోసారి వేడి చేశారు, 87. మూడోసారి, 86. ఆ మూడు అంకెల్నీ నోటుపుస్తకంలో ఒకదాని కింద ఒకటి వేశారు.

భూతవైద్యుడు ముందు దయ్యాన్ని రప్పిస్తాడు, తర్వాతే వదలగొడతాడు. ఇన్నాళ్లుగా తనకిష్టమైనప్పుడు వచ్చి పోయినది ఇప్పుడు మేస్త్రి గారు పిలిస్తే వచ్చింది, పొమ్మంటే పోయింది. ఆ తర్వాత ఆయన సెన్సార్ ప్లాస్టిక్ తొడుగు కోసి, భూతద్దం కింద నన్ను చూడమన్నారు. ఒక సోల్డర్ చుక్క చుట్టూ వెంట్రుక మందాన నల్లటి ఉంగరం. వేడికి ప్లాస్టిక్ ఎక్కువ సాగుతుంది, రాగి తక్కువ సాగుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఆ రెంటి పెనుగులాటలో సోల్డర్ పగిలింది. చల్లగా ఉంటే పగులు అంచులు కలిసి ఉంటాయి, వేడెక్కితే విడిపోతాయి. అవుటర్ మీద గాలి తగిలి పెట్టె చల్లగా ఉండేది కాబట్టి రాలేదు. సాయంత్రం ట్రాఫిక్‌లో గాలి ఆడదు, క్లచ్‌లు మాటిమాటికీ పట్టి వదులుతుంటాయి, అందుకే అప్పుడే వచ్చింది. స్పీడ్ బ్రేకర్ల పాపం ఏమీ లేదు, అవి ట్రాఫిక్ ఉన్నచోటే ఉన్నాయంతే.

కొత్త సెన్సార్ విదేశం నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. దానికీ మూకుడు స్నానం తప్పలేదు. 120 డిగ్రీల దాకా వేడి చేసి, గంటసేపు ఉంచి, గీత కదల్లేదని చూశాకే బిగించారు. బిగింపులోనూ తొందర లేదు. రబ్బరు రింగులకు ఆయిల్ పూసి, స్క్రూలను ఎదురెదురుగా, రెండు విడతల్లో, టార్క్ రెంచ్‌తో చెప్పిన కొలతకే తిప్పారు. అల్యూమినియం ఒక పక్క ఎక్కువ లాగితే వంగుతుంది, అప్పుడు కొత్త జబ్బు మొదలవుతుంది. ఆయిల్ మట్టం కూడా ఇంజను నడుస్తుండగా, కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూసుకున్నారు. ఆఖరున కడ్డీల హద్దులు, క్లచ్‌లు పట్టే చోటు కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించారు.

మే నెలాఖరున టెస్ట్ డ్రైవ్. ఆయన అవుటర్ వైపు చూడనే లేదు. సాయంత్రం ఆరింటికి, ఏసీ నిండుగా పెట్టించి, జెఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీకి అంగుళం అంగుళంగా వెళ్లమన్నారు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మావాడితో మాట కూడా మాట్లాడకుండా గీతే చూస్తూ కూర్చున్నారట. 86 దాటింది. 92. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా 97 కూడా అయింది. కొండవాలు గీతలు కొండవాలుగానే ఉన్నాయి. అదే వేడి మీద తీసుకెళ్లి మాదాపూర్ సెల్లార్‌లో, అదే గోడకు మూరెడు దూరంలో ముక్కు పెట్టించి, రివర్స్ వెయ్యించారు. పడింది. పదిసార్లు వెయ్యించారు.

ఈసారి డబ్బు తీసుకున్నారు. మావాడు నోటుపుస్తకం తిరిగి ఇవ్వబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "మీ దగ్గరే ఉంచండి. వచ్చే ఎండాకాలం కూడా పోనివ్వండి, అప్పుడిద్దురు" అన్నారు.