ఖర్చుల పద్దులో లేని ద్వీపం

నేను లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి. హేలిఫాక్స్‌లో కాపురం పెట్టిన కొత్తలో ఇక్కడి ప్రావిన్సుల సంగతి చూసి నవ్వుకున్నాను. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్. మూడూ కలిపినా 2021 జనాభా లెక్కల్లో 19 లక్షలే. మా పాత గుంటూరు జిల్లా జనంలో సగం కూడా లేరు! దానికి మూడు శాసనసభలు, ముగ్గురు ముఖ్యమంత్రులు.

అందుకే 2012 నవంబరు చివర్లో, ప్రావిన్సుకొకరు చొప్పున ముగ్గురు సెనేటర్లు మూడింటినీ కలిపేద్దామన్నప్పుడు చాలా సంతోషించాను. ఆ వారం మా ఇంట్లో భోజనాల దగ్గర కాగితం తీసి, ఏ ఖర్చు ఎంత మిగులుతుందో చెప్పడం మొదలెట్టాను. నల్లగొండ మిత్రుడు ఓపిగ్గా విని, "అన్నా, పైసల లెక్క మంచిగనే జేసినవ్. మరి ఆ దీవిల ఉన్నోళ్లని అడిగినవా?" అన్నాడు. అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1864లో షార్లెట్‌టౌన్‌లో సభ పెట్టుకున్నదే దీనికోసం. పిలవకపోయినా అడిగి మరీ వచ్చిన కెనడావాళ్ళు అంతకన్నా పెద్ద సంబంధం తెచ్చారు. అసలు పెళ్ళి ఆగిపోయింది. 1970లో జాన్ డాయిష్ నాయకత్వంలోని అధ్యయన సంఘం కూడా పూర్తి రాజకీయ విలీనమే గమ్యం కావాలంది. వాళ్ళ వాదం తీసిపారేసేది కాదు. ఒకే ఫ్యాక్టరీ కోసం ముగ్గురు ఇరుగుపొరుగులు పోటీపడి రాయితీలివ్వడం దండగే.

కానీ ఆ ద్వీపం కథ చదివాక నా పద్దు తప్పనిపించింది. 1767లో లండన్‌లో లాటరీ వేసి ఆ నేలని 67 ముక్కలుగా పంచిపెట్టారు. ఆ దొరల్లో చాలామంది ద్వీపం మొహం చూసినవాళ్ళు కాదు. రైతులు వందేళ్ళు కౌళ్ళు కట్టారు, ఎదిరించారు. చివరికి 1875లో వాళ్ళ సభే చట్టం చేసి, ఆ భూములు బలవంతంగా కొని రైతుల పరం చేసే దారి తీసింది. (జమీందారీ ఊళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.) 1982లో అదే సభ మనిషికి వెయ్యెకరాలు, కంపెనీకి మూడువేల ఎకరాలు మించకూడదని హద్దు పెట్టింది. లక్షన్నర మంది జనానికి 27 మంది సభ్యులెందుకని నేను వెక్కిరించిన సభ అది. ఉమ్మడి సభలో నూరు సీట్లుంటే జనాభా ప్రకారం ద్వీపానికి వచ్చేవి ఎనిమిది. ఆ ఎనిమిది మందీ అలాంటి చట్టం తేగలరా? న్యూ బ్రన్స్‌విక్‌లో దాదాపు ముప్ఫై శాతం ఉన్న ఫ్రెంచి మాతృభాషవాళ్ళు కూడా ఉమ్మడి ప్రావిన్సులో ఏడో వంతుకి తగ్గిపోతారు.

హామీలు రాసుకోవచ్చు కదా అంటారు. మనం రాసుకున్నాం. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణని అప్పటికి విడిగా ఉంచమంది, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి సభలో మూడింట రెండు వంతులమంది ఒప్పుకుంటే కలపమంది. హైదరాబాదు సభలో ఎక్కువమంది విశాలాంధ్రనే సమర్థించారన్నదీ నిజమే. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1న విలీనం. ఒప్పందంలో ఉన్న ఉపముఖ్యమంత్రి పదవి మొదటి మంత్రివర్గంలోనే ఖాళీ! అడగవలసిన సభ అప్పటికే లేదు. మిగిలింది పెద్ద సభ, అందులో వాళ్ళు తక్కువమంది.

మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాల సభల అభిప్రాయం అడిగితే చాలు, పార్లమెంటు దాన్ని పాటించనక్కర్లేదు. కెనడాలో ఆ సభలు ఒప్పుకుంటే తప్ప కలపడం కుదరదు. ద్వీపం ఇంకా ద్వీపంగా ఉందంటే అదొక కారణం.

కలవకుండానే కలిసి పనిచెయ్యడం వీళ్ళకి రాదని కాదు. 1986లో షార్లెట్‌టౌన్‌లో పెట్టిన పశువైద్య కళాశాలకి నాలుగు అట్లాంటిక్ ప్రావిన్సులూ డబ్బిస్తాయి. అక్కడ ఆవుకి వైద్యం నేర్చుకోవడానికి ఎవరి సభా రద్దు చెయ్యక్కర్లేకపోయింది.

నేను సమైక్యవాదిగా చాలాకాలం వాదించినవాణ్ణి. 2014 జూన్ 2న మిత్రుడు మిఠాయి పట్టుకొచ్చాడు. తిన్నాను. బాగుందని చెప్పడానికి మాత్రం నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.