మక్క నీడలో లెక్క

పసుపు పంటలో ధర పలికేది కంటికి కనిపించదు. ఆర్మూర్ చుట్టుపక్కల జూన్‌లో విత్తనం పెడితే తవ్వేది సంక్రాంతి దాటాకే. అన్ని నెలలూ మనం చూసేది ఆకునే. "ఆకు ఏపుగుందని మురవకు బిడ్డా, కొమ్ము ఊరాలె" అనేవాడు మా పెద్దనాయన. ఆ మాటలోని లెక్క నాకు చాలా ఏళ్లకు గాని అందలేదు.

1953లో మోన్సి, సయేకి అనే జపాన్ శాస్త్రవేత్తలు పైరు లోపలికి వెలుగు దిగేకొద్దీ ఎలా తగ్గుతుందో సూత్రం కట్టారు. వెలుగు తగ్గే గుణకం 0.5 అనుకుంటే, ఆకుల విస్తీర్ణం నేలకు రెండింతలున్నప్పుడు పైరు 63 శాతం వెలుగు పట్టుకుంటుంది. నాలుగింతలైతే 86 శాతం. ఆకు రెట్టింపైనా దక్కే వెలుగు మూడో వంతుకు కాస్త పైగా పెరుగుతుంది, అంతే. నేను యూరియా బస్తా ఇంకోటి విప్పబోయి ఆగింది ఈ అంకెలు చూసే.

పసుపు సాళ్ల మధ్య వేసే మక్క సంగతీ అప్పుడే తేటపడింది. టేపు పట్టుకుని పసుపు ఆకు పొడవు, వెడల్పు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మక్క నీడ దట్టంగా ఉండే రోజుల్లో పసుపుకు ఉండే ఆకులు కొన్నే. పోయే వెలుగు తక్కువ. దుంప ఊరేది ఆ తర్వాత. అప్పటికి మక్క చేలోంచి పోవాలి. కోత ఆలస్యమైతే ఆ నీడ కొమ్ము మీద పడినట్టే.

ఆ కొలతలతో దిగుబడిని ముందే లెక్కగట్టడం మొదలుపెట్టాను. ఒక ఏడు ఆ లెక్క ఘోరంగా తప్పింది. కాగితం మీద నిండు పంట. పల్లపు మూలన తవ్వితే దుంపలు మెత్తబడి, వేలితో నొక్కగానే నీరు కారాయి. దుంపకుళ్లు. నా సూత్రంలో వెలుగుంది, వేడి ఉంది, నిలిచిన నీళ్లకు చోటు లేదు. రెండు రోజులు ఆ నోట్‌బుక్ ముట్టలేకపోయాను.

పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో జొన్నకూ వేరుశెనగకూ పంట పెరుగుదలను ఇలా లెక్కగట్టే నమూనాలను కంప్యూటర్‌లో నడిపిస్తున్నారు. మనకు కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. రైతుల చేలల్లోనే వారం వారం ఆకు కొలిచి, నెలకోసారి పది మొక్కలు తవ్వి తూచి, ఆ అంకెలు ఊరందరికీ అందేలా చూడమని ఈ రెండింటినీ నేను అడుగుతున్నాను.

నా నోట్‌బుక్‌లో ఇప్పుడు కొత్త గడి ఒకటుంది: నీళ్లు నిలిచిన రోజులు. పల్లపు మూలకు కాలువ తీశాం.